కార్డంత సందు

తలుపు బిగించడం అయిపోయాక షాపు యజమాని ముసలాయన మాట్లాడకుండా చెయ్యి చాపేవాడు. సదానందం చొక్కా జేబులోంచి ఇకామా తీసి ఆ చేతిలో పెట్టేవాడు. సౌదీలో ఉండటానికీ, పని చేసుకోవటానికీ సర్కారు ఇచ్చిన కార్డది. ముసలాయన మాత్రం దాని మీది ఫోటో వంక చూసేవాడు కాదు. కార్డును తలుపుకూ దర్వాజ చట్రానికీ మధ్య సందులో దూర్చి, గడప దగ్గర మొదలుపెట్టి పైదాకా, పైనుంచి మడతబందుల దాకా మెల్లగా నడిపించేవాడు. ఎక్కడా తట్టుకోకుండా, ఎక్కడా వదులై ఊగకుండా పోతే తలుపు నెగ్గినట్టు. కార్డును తన పొడుగు అంగీ అంచుకు తుడిచి తిరిగి ఇచ్చేసి, "మాషా అల్లా, నజ్జార్" అనేవాడు.

నజ్జార్ అంటే వడ్రంగి. పదహారేళ్లలో ఆయన సదానందాన్ని మరో పేరుతో పిలవలేదు.

షాపున్న రాబిగ్ ఊరు ఎర్ర సముద్రం ఒడ్డున ఉంది. ఒక పక్క రిఫైనరీ మంటలు, ఒక పక్క ఉప్పు గాలి. ఎండాకాలం తెల్లవారుజామున సముద్రం మీంచి తేమ లేచి ఇళ్ల మధ్యకు పొగలా వచ్చేది. ఆ తేమను తాగి చెక్క ఉబ్బేది. ఎంత ఉబ్బుతుందో ముందే ఊహించి అంత సందు వదలడమే అక్కడి వడ్రంగి పనితనం. మెట్‌పల్లి దగ్గరి పల్లెలో వడ్లోళ్ల ఇంట పుట్టి, నాగళ్లు చెక్కే తండ్రి దగ్గర ఉలి పట్టిన సదానందానికి ఆ లెక్క మొదట అర్థం కాలేదు. అతని ఊళ్లో వాన రెండు నెలలు, ఇక్కడ వాన లేకుండానే తడి. మొదటి ఏడు అతను చేసిన తలుపులన్నీ ఆగస్టులో పట్టేశాయి. ముసలాయన తిట్టలేదు. కార్డు తీసి చూపించాడు, ఇంత సందు అని.

అప్పట్లో ఇకామా మీద గడువు తేదీ ఉండేది. కొత్త కార్డు వచ్చాక అది పోయింది. ఇప్పుడు కార్డు బతికి ఉందో లేదో కార్డును చూస్తే తెలియదు, ఫోన్‌లో నంబరు కొట్టి అడగాలి. చచ్చిన కార్డూ బతికిన కార్డూ జేబులో ఒకే బరువు. ఈ సంగతి సదానందాన్ని చాలాకాలం వింతగా వేధించింది.

2018 రంజాన్‌లో ముసలాయన గుండె బాగాలేక టర్కీ వెళ్లాడు. ఆయన నాయనమ్మ తరఫు వాళ్లు బుర్సా అనే ఊళ్లో ఉన్నారు. చిన్న భార్య, ఆమె కొడుకు మిషాల్ వెంట వెళ్లారు. పెద్ద భార్య ఎప్పుడో పోయింది, ఆమె కొడుకు ఫవాజ్‌కు జిద్దాలో వేరే వ్యాపారం. బుర్సా నుంచి ముసలాయన సదానందం ఫోనుకు గొంతు మెసేజీలు పంపేవాడు. ఆయన ఫోన్‌లో రాయడం నేర్చుకోలేదు. చివరిది రంజాన్ తర్వాతి నెల షవ్వాల్ మధ్యలో వచ్చింది.

"నజ్జార్, నా గది తలుపు పట్టేస్తోందని చెప్పారు. దాని మీద చిత్రిక పెట్టకు. నేను వచ్చాక చూసి చెబుతాను ఎంత తీయాలో." ఆ తర్వాత దగ్గు. దగ్గు వెనక టీ గ్లాసులో చెంచా తిరిగిన చప్పుడు.

పది రోజులకు మిషాల్ ఒక్కడే తిరిగొచ్చాడు, తండ్రి ఫోను పట్టుకుని. నాన్న విశ్రాంతి తీసుకుంటున్నాడు, డాక్టర్లు మాట్లాడొద్దన్నారు అని చెప్పాడు. ఆ రోజు నుంచి ముసలాయన నంబరు నుంచి గొంతు రావడం మానేసింది. అక్షరాలు వచ్చాయి.

వాటిని చదివి చెప్పేవాడు ఖాదర్ మొహిద్దీన్. షాపు లారీ డ్రైవరు, కడప జిల్లా మనిషి. అరబీ అక్షరం వచ్చు. లారీ తోలుతూ ఫోన్‌లో ఉర్దూలో పాత రాజుల కథలు వినడం అతని అలవాటు.

"సదానందం వడ్ల, జిద్దా కిటికీలు గురువారం లోపల కావల్లంట" అని ఖాదర్ చదివాడు.

"వడ్ల అని రాసిండా?"

"రాసినాడప్పా. ఇకామాలో ఉన్నట్టే."

"ఆయన నన్ను నజ్జార్ అంటడు కదా భాయ్."

"అంటాడు" అన్నాడు ఖాదర్. పాలిష్ పని చేసే బెంగాలీ కుర్చీ కాలు రుద్దుతున్న చప్పుడు వినిపించింది.

ఆ వేసవి అంతా షాపు రంగు గురించే మాటలు. నితాకత్ అని సర్కారు పెట్టిన పద్ధతి. ఇంతమంది పరదేశీయులుంటే ఇంతమంది సౌదీలు పట్టీలో ఉండాలి. ఉంటే షాపు ఆకుపచ్చ, లేకపోతే పసుపు, ఇంకా లేకపోతే ఎరుపు. ముసలాయన తన ఇద్దరు కొడుకుల పేర్లూ, మనవళ్ల పేర్లూ పట్టీలో పెట్టి షాపును ఆకుపచ్చలో నిలిపాడు. ఆయన బుర్సా వెళ్లిన నెలకే ఫవాజ్ తన పేరూ తన కొడుకుల పేర్లూ తీయించేశాడు. ఒక్క పూటలో షాపు ఎర్రబడింది. ఎర్రబడ్డ షాపులో ఎవరి ఇకామా గడువూ మళ్లీ పొడిగించరు. దానికి తోడు తలకింత అని నెలనెలా కట్టే లెవీ పన్ను. పదకొండు మందిలో ఎనిమిది మంది అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు. పొద్దున షాపు తాళం తీస్తూ సదానందం ఒక్కోసారి ఆగి గోడ వంక చూసేవాడు. గోడ ఎప్పటిలా సున్నం రంగులోనే ఉండేది. ఏ రంగు ఎక్కడుంటుందో, ఎవరికి కనిపిస్తుందో అతనికి అంతుబట్టలేదు.

అతని ఇకామా బక్రీద్ వచ్చే జిల్‌హిజ్జ నెలతో అయిపోతుంది. ఆ లోపల దేశం వదలడానికి యజమాని ఇచ్చే అనుమతి, ఎగ్జిట్, పడకపోతే ఇక ఇంటికి మామూలు దారిన పోవడం ఉండదు.

బక్రీద్ వెళ్లిన శుక్రవారం ఇంటి నుంచి భార్య ఊర్మిల ఫోన్ చేసింది.

"డాక్టరమ్మ తారీకు ఇచ్చింది. చవితి ఎల్లినంక. గర్భసంచి తీసేసుడేనట."

"చేయించుకో మరి. మీ తమ్ముడు ఉంటడు గదా."

"తమ్ముడుంటే ఏంది? ఇన్నేండ్లు అన్నిటికి ఒక్కదాన్నే పోయిన. పిల్లల జరాలకు పోయిన, పట్టా కాయితాలకు పోయిన. దీనికి పోను. నువ్వచ్చినంకనే."

"నేను రాకపోతే?"

"రాకపోతే చేయించుకోను."

ఆమె గొంతులో కోపం లేదు. బీడీ ఆకు కత్తిరిస్తున్న కత్తెర చప్పుడు మాత్రం ఆగింది. ఆమె చెప్పిన మాట తప్పదని సదానందానికి తెలుసు. నాలుగు నెలలుగా రక్తం పోతోందన్నది కూడా తెలుసు. ఇన్నేళ్ల పెళ్లిలో వాళ్లిద్దరూ ఒక కప్పు కింద ఉన్న నెలలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంతకాలం ఆమె అడిగింది ఇది ఒక్కటే.

అతను మిషాల్ దగ్గరికి వెళ్లి ఎగ్జిట్ అడిగాడు. ఎగ్జిట్ ముసలాయన ఫోన్ లోంచి పడాలి. ఆ ఫోను మిషాల్ జేబులో ఉంది.

"నాన్న చెప్పాలి" అన్నాడు మిషాల్. "నువ్వు వెళ్తే షాపులో ఏముంటుంది? చెక్క ఉంటుంది."

ఫవాజ్‌కు ఫోన్ చేశాడు. పనివాళ్ల పాస్‌పోర్టులు ఫవాజ్ బీరువాలో ఉన్నాయి.

"నాన్న చెప్పాలి" అన్నాడు ఫవాజ్ కూడా. "లేదంటే నా కంపెనీలోకి మారు. ఎర్ర షాపు నుంచి మారడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక ఏడాది చెయ్యి, ఆ తర్వాత పంపిస్తా."

ఏడాది. చవితికి ఇరవై రోజులు కూడా లేవు.

చివరికి సదానందం ముసలాయన నంబరుకే గొంతు మెసేజ్ పెట్టాడు. పదహారేళ్లలో నేర్చిన అరకొర అరబీలో, భార్యకు ఆపరేషన్, ఎగ్జిట్ కావాలి బాబా, అని. రెండు నీలం గీతలు పడ్డాయి. సాయంత్రానికి జవాబు వచ్చింది. ఖాదర్ చదివాడు.

"ఓపిక పట్టు సదానందం వడ్ల. నా గది తలుపు చిత్రిక పట్టి తెరువు."

"చిత్రిక పెట్టకుమన్నడు గదా?"

"ఇప్పుడు పట్టమంటా ఉండాడు."

"నాకేం సమజ్ అయితలేదు భాయ్."

ఖాదర్ లారీ మెట్టు మీద కూర్చున్నాడు. అసర్ నమాజు అయిపోయి నీడలు పొడుగవుతున్న వేళ. "ఒక కత చెప్తా ఇను" అన్నాడు. "సులేమాన్ అని తుర్కుల సుల్తాను. నలభై ఆరేండ్లు ఏలినాడు. పెద్ద కొడుకు ముస్తఫా. సైన్యమంతా వాని పక్కే. అదే వాని పానం మీదికొచ్చింది. నాయన డేరాలోకి పిలిపిచ్చినాడు. నాయన పిలిస్తే పోకుంటాడా? పోయినాడు. లోపల మూగోళ్లు తాడు పట్టుకోని నిలబడుండారు."

"నాయనేనా చంపిచ్చింది?"

"నాయనే. ముస్తఫా గోరీ యాడుందో తెల్సా? బుర్సాలో."

"మన షేక్ పోయిన బుర్సాలనా?"

"ఆ బుర్సాలోనే. తర్వాత సలీము, బాయజీదు మిగిలినారు. ఒక కడుపున పుట్టినోళ్లే, అయినా కొట్టుకున్యారు. బాయజీదు ఇరాన్ షా దగ్గరికి పారిపోతే ఆడగూడ వదల్లే, వాని పిల్లోళ్లను గూడ వదల్లే. ఆఖరికి సుల్తాను ముసలోడై, యుద్ధానికి పోయి, డేరాలోనే సచ్చిపాయ. మిగిలిన సలీము యాడో దూరంగా ఉండాడు. సైన్యానికి తెలిస్తే చెదిరిపోతాది. వజీరు ఏం జేసినాడు? చెప్పల్యా. నలభై ఎనిమిది దినాలు. సుల్తాను చేతిరాత మాదిరి రాపిచ్చి హుకుములు పంపినాడు. తిరిగొచ్చేటప్పుడు బండిలో ఆయన మాదిరి ఉండేవాన్ని కూసోబెట్టి, తెర సందులోంచి చెయ్యి ఊపిచ్చినాడంట."

సదానందం మేస్త్రి పెన్సిల్ చెవి మీంచి తీసి చేతిలో తిప్పుతూ విన్నాడు. "మరి ఎరికైనోళ్ల సంగతి?"

"వైద్యుని గొంతు పిసికినారంటారు. నిజమో అబద్ధమో. నేనేమన్నా చూసినానా, లారీ తోలుతా ఇన్యా."

"ఈ కథ నాకెందుకు చెప్తున్నవ్ భాయ్?"

ఖాదర్ అతని మొహంలోకి చూసి, చూపు తిప్పుకున్నాడు. "ఊరికే" అన్నాడు.

ఆ మాట తర్వాత సదానందం తలలో రెండు ఇళ్లు కలిసిపోయాయి. కిటికీకి జాలీ పట్టీలు అతుకుతుంటే డేరాలు కనిపించేవి. మిషాల్ మాట్లాడుతుంటే ఆ మాట వజీరుదా కొడుకుదా అనిపించేది. ఇద్దరు కొడుకులూ తనకోసమే గుంజుకుంటున్నారంటే సైన్యం తనేనా? ఒక్కడే, చేతిలో ఉలితో, చొక్కా జేబులో బతికుందో లేదో తెలియని కార్డుతో. ముసలాయన గురించి అనుకోవలసిన మాట ఒకటుంది. అది గొంతు దాకా వచ్చి, తేమకు ఉబ్బిన తలుపులా అక్కడే పట్టేసేది. అనుకుంటే నిజమైపోతుందేమో. నిజమైతే ఎగ్జిట్ ఎవరిస్తారు?

బక్రీద్ వెళ్లిన వారానికి ఫవాజ్ జిద్దా నుంచి వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ ముసలాయన ఇంటికి సదానందాన్ని పిలిపించారు. సామాను పెట్టె పట్టుకుని వెళ్లాడు.

ముసలాయన గది తలుపు ముందు ఇద్దరూ నిలబడి ఉన్నారు. తుర్కుల కాలం నాటి టేకు తలుపు. జిద్దాలో ఒక పాత ఇల్లు కూలుస్తుంటే ముసలాయన తండ్రి కొనుక్కొచ్చాడు. రెండు రెక్కల మీదా దానిమ్మ పూలు చెక్కి ఉన్నాయి. తాళం తీశారు కానీ రెక్క కదలడం లేదు. మిషాల్ చొక్కా భుజం దగ్గర దుమ్ము. తోసి చూసినట్టున్నాడు. లోపల షాపు కాగితాలు, ముసలాయన ముద్ర ఉన్నాయి. అవి లేకుండా ఎవరి వాటా ఏదో తేలదు.

"చిత్రిక పట్టు" అన్నాడు మిషాల్.

"పట్టు" అన్నాడు ఫవాజ్. ఆ వేసవిలో ఇద్దరూ ఒకే మాట అనడం సదానందం మొదటిసారి విన్నాడు.

అతను తలుపు పక్కన కూర్చుని, వేళ్లతో అంచు తడిమాడు. పై మూలన పట్టేసింది. నూలు పోగంత తీస్తే చాలు. పెట్టె మూత తీసి, చిత్రిక చేతిలోకి తీసుకుని, మళ్లీ కింద పెట్టాడు.

"బాబా వద్దన్నడు" అన్నాడు.

"ఏమిటి?"

"ఈ తలుపు ముట్టొద్దన్నడు. ఆయన వచ్చి చెప్పినంకనే తీయాలన్నడు. బాబాను ఒక్కసారి గొంతుతో చెప్పమనండి. తీస్త."

ఈ మాట తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా అంటే సదానందానికే ఇప్పటికీ తేలలేదు. అతని మనసులో ఆ క్షణాన ఎత్తుగడ ఏదీ లేదు. పని చెప్పిన మనిషి ఒకడు, ఆ పని మార్చాల్సిన మనిషీ వాడే. అతని వృత్తిలో అంతకుమించి లేదు.

"నాన్న మెసేజ్ పంపాడు కదా" అన్నాడు మిషాల్. గొంతు కొంచెం పలుచబడింది.

"అది రాసింది. ఇది చెప్పింది." సదానందం ఫోన్ తీసి, కిందికి జరిపి జరిపి, నొక్కాడు.

వసారాలో ముసలాయన గొంతు లేచింది. నజ్జార్, నా గది తలుపు పట్టేస్తోందని చెప్పారు. దాని మీద చిత్రిక పెట్టకు. నేను వచ్చాక చూసి చెబుతాను ఎంత తీయాలో. దగ్గు. చెంచా చప్పుడు.

ఫవాజ్ తల మీది రుమాలు తీసేసి, గడప పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. "ఇంకోసారి" అన్నాడు. సదానందం మళ్లీ నొక్కాడు. మూడోసారి అడిగినప్పుడు ఫవాజ్ ఏడుస్తున్నాడు. మిషాల్ గోడకు ఆనుకుని, దానిమ్మ పూల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. బుర్సాలో ఆ టీ గ్లాసు పట్టుకుని ఉన్నది అతనే కావచ్చు.

"నాన్న రాడు, నజ్జార్" అన్నాడు మిషాల్ చివరికి. "యాభై రోజులవుతోంది. అక్కడే మట్టి చేశాం."

ఫవాజ్ తమ్ముడి వంక చూశాడు. కానీ అడ్డుకోలేదు. అతనికీ తెలుసు. మరణం చెబితే షాపు ఫైలు ఆగిపోతుంది, కోర్టు తేల్చేదాకా ఒక్క కాగితం కదలదు. అందుకని వాటాలు తేలేదాకా ఇద్దరూ ఆఫీసులకు చెప్పకుండా దాచారు. ఒకరినొకరు నమ్మని ఇద్దరూ ఆ ఒక్క అబద్ధంలో మాత్రం భాగస్తులు.

యాభై అన్న మాట సదానందం చెవిలో నిలిచింది. ఖాదర్ కథలో నలభై ఎనిమిది. ఎవరి లెక్క ఎవరిదో, ఏ సుల్తాను ఏ మంచం మీద పోయాడో, అంతా చెక్కపొట్టులా కళ్ల ముందు ఎగిరింది. ఎరికైనోళ్ల సంగతి ఏంది అని తనే అడిగిన ప్రశ్న కూడా గుర్తొచ్చింది. చెయ్యి తెలియకుండానే మెడ దగ్గరికి పోయింది.

తర్వాత చిత్రిక తీసుకున్నాడు. ఉలి ఆన్చి రెక్కను కాస్త తప్పించి, పై మూలన మూడు సార్లు నడిపాడు. ఉల్లిపొరలాంటి టేకు చుట్టలు రాలాయి, వంద ఏళ్ల కిందటి వాసనతో. రెక్కను దర్వాజలోకి దగ్గరగా చేర్చి, జేబులోంచి కార్డు తీసి, ఎవరికివ్వాలో తోచక నిలబడ్డాడు.

ఇద్దరు కొడుకులూ ఒకేసారి చెయ్యి చాపారు. మిషాల్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఫవాజ్ కార్డు అందుకుని, గడప దగ్గర మొదలుపెట్టి పైకి నడిపాడు. సగంలో ఆపి, "ఇక్కడి నుంచి నువ్వు" అని తమ్ముడికిచ్చాడు. కార్డు ఎక్కడా తట్టుకోలేదు. తలుపు తోస్తే, వేలితో తోసినంత తేలికగా, లోపలికి వెళ్లింది. గదిలో ముసలాయన చెప్పులు మంచం కింద జతగా ఉన్నాయి.

"నాకు ఎగ్జిట్ కావాలె" అన్నాడు సదానందం. సుల్తానులూ వజీర్లూ అంతా తొలగిపోయి ఆ ఒక్క మాటే మిగిలింది.

అన్నదమ్ములు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. బాగా పడింది తలుపు, చప్పుడు లేకుండా. మాటలు వినిపించాయి, మొదట గట్టిగా, తర్వాత తగ్గి. సంగతి తెలిసిన మనిషి ఇక్కడ ఉండటం మంచిది కాదన్నారో, నాన్న ఉంటే పంపేవాడన్నారో. ఏది ముందు అనుకున్నారో, ఎవరు అన్నారో సదానందానికి ఎప్పటికీ తెలియదు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వేళకు అతని ఫోన్ మోగింది. ఫైనల్ ఎగ్జిట్ పడింది. ఇచ్చినవారి పేరు దగ్గర ముసలాయన పేరుంది. రెండో రోజు ఫవాజ్ డ్రైవరు జిద్దా నుంచి పాస్‌పోర్టు తెచ్చి ఇచ్చాడు.

"చచ్చిపోయినాయన పంపిచ్చినట్టా, బతికున్నోళ్లు పంపిచ్చినట్టా భాయ్?" అని లారీలో విమానాశ్రయానికి పోతూ అడిగాడు సదానందం.

"పొమ్మన్నారు కదప్పా. పో" అన్నాడు ఖాదర్. కొంచెం దూరం పోయాక, "తెర సందులోంచి చెయ్యి ఊపినారనుకో" అన్నాడు.

జిద్దాలో పాస్‌పోర్టు మీద ముద్ర వేసిన పిల్లాడిలాంటి అధికారి ఇకామా అడిగి తీసుకుని, పక్కన ఉన్న ట్రేలో పడేశాడు. దాని అంచులు అన్నీ అరిగి నున్నగా ఉన్నాయి. ఆ ట్రేలో అలాంటి కార్డులు ఇంకా చాలా ఉన్నాయి, కానీ అరిగినది అదొక్కటే. సదానందం దాన్ని ఒక్కసారి అడిగి పట్టుకుందామనుకున్నాడు. వెనకవాళ్లు తోశారు.

చవితి వెళ్లిన నాలుగో రోజు కరీంనగర్‌లో ఊర్మిలకు ఆపరేషన్ అయింది. కాగితం మీద అతనే సంతకం పెట్టాడు. లోపలికి తీసుకుపోతుంటే ఆమె అతని వంక చూసి, "ఉన్నవా?" అంది. "ఉన్న" అన్నాడు.

ఆ వారంలోనే ఖాదర్ ఫోన్ చేశాడు. మరణం చెప్పేశారు. షాపుకు తాళం పడింది. ఖాదర్‌ను ఫవాజ్ తన దగ్గరికి మార్చుకున్నాడు. పరామర్శ గుడారంలో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన నిలబడి వచ్చినవాళ్ల చేతులు పట్టుకుంటున్నారు, ఇద్దరిలో ఎవరు ముందు నిలబడాలో తేలక కాస్త అటూ ఇటూ అవుతూ.

ఇంటి దగ్గర వాన పట్టుకుంది. ఊర్మిల పడుకున్న గది తలుపు ఉబ్బి పట్టేసింది. పెళ్లయిన కొత్తలో సదానందమే చేసిన తలుపు. అతను చిత్రిక తీసి, అంచు తడిమి, జేబులో చెయ్యి పెట్టాడు. జేబు ఖాళీగా ఉంది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏం దేవులాడుతున్నవ్?" అంది ఊర్మిల మంచం మీంచి.

"కార్డంత పలుచటిది ఏదన్న."

ఆమె తలగడ పక్కన చేటలో వెతికి, బీడీ ఆకు కత్తిరించే కొలత రేకు తీసి చాపింది. ఆమె వేళ్లకు అరిగిన రేకు. అంచులు నున్నగా ఉన్నాయి. సదానందం దాన్ని సందులో దూర్చి గడప దగ్గర మొదలుపెట్టి పైకి నడిపాడు. పై మూలన తట్టుకుంది.

"ఎంత తీయాలె?" అన్నాడు, ఎవరినో అడిగినట్టు.

ఊర్మిల నవ్వబోయి, కుట్లు లాగడంతో పొట్ట పట్టుకుంది. "నన్ను అడుగుతున్నవా?" అంది. ఆ తర్వాత తల కొంచెం ఎత్తి, మూల వంక చూసి, వేలి మీద వేలు పెట్టి చూపించింది.

"గింత" అంది.